శాశ్వతమంటే ఎన్నాళ్ళండీ?

మా వీధి చివర, ఒకప్పుడు కిరసనాయిలు డిపో ఉన్నచోట, ఇప్పుడొక అద్దాల మేడ లేచింది. మేడ మీద బోర్డు, బోర్డు మీద ఒక అమ్మాయి బొమ్మ. ఆ పిల్ల బుగ్గన నూగు కూడా లేదు. కోడిగుడ్డుకైనా కాస్త గరుకుతనం ఉంటుంది గాని ఆ ముఖానికి లేదు. కింద ఇంతింత అక్షరాలు: "అవాంఛిత రోమాలకు లేజర్‌తో శాశ్వత విముక్తి. నొప్పి లేదు. అన్ని రకాల చర్మాలకూ." కూరగాయలకు వెళుతూ ఒకసారి, వస్తూ ఒకసారి రోజూ ఆ బోర్డు చదువుతాను. చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో ఇవాళ చెప్పేస్తాను.

"అవాంఛిత రోమాలు" అన్న మాట మీద నాకు పేచీ లేదు. మా చిన్నప్పుడు వారపత్రికల్లో సౌందర్య సలహాల పేజీ చదివి నేర్చుకున్న మాట అది. ఆడపిల్లకి మీసాలొస్తున్నాయని తెలుగులో అంటే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. అదే సంస్కృతంలో అంటే ఏదో మర్యాదగల జబ్బులా వినపడుతుంది. ఉండనివ్వండి. నా పేచీ అంతా "శాశ్వత" అనే ఆ మూడక్షరాలతో.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. పర్మనెంటు అనే మాటకున్న బరువు నాకు తెలుసు. ఆ ఒక్క మాట కాగితం మీద పడటం కోసం మా టెంపరరీ మెసెంజరు పదకొండేళ్ళు ఎండలో సైకిలు తొక్కాడు. మేము జనం దగ్గర డిపాజిట్టు తీసుకుంటే రసీదు మీద గడువు వేసేవాళ్ళం, వడ్డీ ఎంతో వేసేవాళ్ళం, మధ్యలో తీసేసుకుంటే ఎంత కోత పడుతుందో కూడా చెప్పేవాళ్ళం. మరి ఈ అద్దాల మేడవాళ్ళు డబ్బు ముందే పుచ్చుకుని శాశ్వతం అంటున్నారే, గడువేదీ? షరతులేవీ?

ఇంతకీ నీకెందుకమ్మా ఈ గొడవ అంటారేమో. నాకూ గడ్డం ఉంది కనుక.

పదిహేనో ఏట పై పెదవి మీద మొదలైంది. అమ్మమ్మ పెసరపిండిలో పసుపు కలిపి, పిల్లిపిల్లని పట్టుకున్నట్టు నా మెడ పట్టుకుని, ఎదురు రుద్దేది. రోజూ పసుపు రాసుకునే ఆడదానికి మీసమెలా వస్తుందని ఆవిడ నమ్మకం. మీసం పోలేదు సరిగదా, దానికి పసుపురంగొచ్చింది. ఆ తరవాత దారం. పక్కింటి పెద్దమ్మగారు దారం ఒక కొస పళ్ళ మధ్య బిగించి లాగుతుంటే కళ్ళమ్మట నీళ్ళు ధారకట్టేవి. కత్తి మాత్రం ఇంట్లో నిషిద్ధం. ఒక్కసారి కత్తి తగిలిందా, ఇక మగాడి గడ్డమేనట! అది ఒట్టిమాట అని మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శరీరశాస్త్రజ్ఞురాలు 1928లోనే కొలిచి మరీ చెప్పింది. గీకినంత మాత్రాన వెంట్రుక లావెక్కదు, నల్లబడదు, తొందరగా పెరగదు. 1928 నాటికి మా అమ్మమ్మ పరికిణీ కట్టుకునే పిల్ల. ఆ కబురు మా వీధికి చేరడానికి వందేళ్ళు చాలేట్టు లేవు. బోర్డు మాత్రం ఏడాదిలో వచ్చేసింది.

సరే, నా సంగతి దారంతో గడిచిపోయింది. మా అక్క కూతురి సంగతి అలా గడిచేది కాదు.

ఆ పిల్లకి ఇరవై నాలుగేళ్ళు. హైదరాబాదులో ఉద్యోగం. నెలసరి సరిగా రాదు. డాక్టర్లు పీసీఓడీ అన్నారు. గడ్డం మీదా, గడ్డం కిందా నల్లగా, బిరుసుగా వెంట్రుకలు. ఆఫీసు మీటింగుల్లో గడ్డం కింద చెయ్యి ఆనించుకుని కూర్చుంటుంది. అందరూ అమ్మాయి తెగ ఆలోచిస్తోందనుకుంటారట. తెల్లవారుఝామున హాస్టల్లో అందరికంటే ముందు లేచి, స్నానాల గది తలుపు బిగించుకుని, ట్వీజరుతో ఒక్కొక్కటీ పీక్కుంటుంది. ఇది ఆ పిల్ల నాకు చెప్పిన సంగతి, వాళ్ళమ్మకి చెప్పలేదు. అలాంటి సమయంలో ఓ సంబంధం వచ్చింది. మా అక్క కంగారుపడి పిల్లని ఆ అద్దాల మేడలాంటి మేడకే మరోదానికి తీసుకెళ్ళింది. ఎనిమిది సిట్టింగులు, ముప్పై ఆరు వేలు, అంతా ముందే కట్టాలి. వాళ్ళడిగిన మొదటి ప్రశ్న, కార్డా, ఫోనులో పంపుతారా అని. నెలసరి ఎలా ఉందమ్మా అని ఎవరూ అడగలేదు.

నిజం చెప్పుకోవాలి. నాలుగు సిట్టింగులయ్యేసరికి పై పెదవి తేటపడింది. నేనే ముందుగా మెచ్చుకున్నాను. ఆరో సిట్టింగు దాటాక పండక్కి ఇంటికొచ్చింది. తలంటు పోస్తుంటే మెడ ఎత్తి, "పిన్నీ, దవడ కింద ఇక్కడ నాకు ఇదివరకు ఇలా ఉండేవా? నీకు గుర్తుందా?" అంది. నాకెందుకు గుర్తుండదు? చిన్నప్పటినించీ దానికి జడలు వేసినదాన్ని. అక్కడ నూగు తప్ప మరేమీ ఉండేది కాదు. ఇప్పుడు నల్లటి వెంట్రుకలు, దవడ వెంబడి గీత గీసినట్టు. ఫోను చేసి అడిగితే, "మీ హార్మోన్లండీ. ఇంకో నాలుగు వేయించుకోండి, ఆఫరు ఇస్తాం" అన్నారు.

ఇది మా పిల్ల ఒక్కదాని తలరాత కాదు. దీనికి వైద్యగ్రంథాల్లో పేరుంది, పారడాక్సికల్ హైపర్‌ట్రైకోసిస్ అని. తీసేయడానికి వేసిన లేజరే కొందరికి కొత్తవాటిని తెప్పిస్తుంది. అందరికీ కాదు, కొద్దిమందికే. అయితే ఆ కొద్దిమంది ఎవరయ్యా అంటే, ఎక్కువగా ముఖం మీదా మెడ మీదా చేయించుకునే ఆడవాళ్ళు, చామనచాయా నలుపూ చర్మాలవాళ్ళు, హార్మోన్ల తేడా ఉన్నవాళ్ళు. అంటే సరిగ్గా మా పిల్ల! వెంట్రుక కుదుటిని చంపడానికి చాలని వేడి దాన్ని నిద్రలేపుతుందేమోనని డాక్టర్ల ఊహ. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. తేలకపోతే పోయింది, ఇలా జరగవచ్చునని ఒక్క ముక్క ముందు చెప్పవచ్చు కదా? చెబితే ముప్పై ఆరు వేలు వస్తాయా మరి.

అసలు ఈ లేజరు చేసే పనేమిటో చూడండి. 1983లో బోస్టన్ డాక్టర్లు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనేవాళ్ళు ఒక సూత్రం ప్రకటించారు. ఒక రంగు మాత్రమే తాగే వెలుగుని లెక్కగా, క్షణంలో వందో వంతు కంటే తక్కువ కాలం వేస్తే, ఆ రంగున్న చోటే వేడెక్కి, చుట్టుపక్కల చర్మం క్షేమంగా ఉంటుందని. వెంట్రుకలో నల్లరంగు మెలనిన్. అది వెలుగుని తాగి వేడెక్కుతుంది, ఆ వేడికి కుదురు కాలుతుంది. చక్కటి ఆలోచన. తెల్లతోలు మీద నల్ల వెంట్రుక ఉన్నవాళ్ళకి బంగారంలాంటి ఆలోచన. మన చర్మంలోనూ ఆ మెలనినే ఉందిగా! దొంగ వీపు మీద వేయమని కర్ర ఇస్తే ఇంటాయన వీపు మీదా వేసినట్టు, వెలుగు రెంటినీ కాలుస్తుంది. బొబ్బలెక్కుతాయి, మచ్చలు పడతాయి. అందుకే చర్మాల్ని ఆరు రకాలుగా విడగొట్టిన లెక్కలో నాలుగు, అయిదు నంబర్ల దగ్గరుండే మనబోటివాళ్ళకి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ అనే లేజరు వాడటం క్షేమం అంటారు. 755 అలెగ్జాండ్రైటు తెల్లవాళ్ళకి బాగా నప్పుతుంది. 1064ది లోతుకి వెళ్ళే వెలుగు, పైచర్మం జోలికి తక్కువగా పోతుంది. పోతే, నల్లరంగుని తక్కువగా పట్టించుకుంటుంది కనుక సన్న వెంట్రుకల మీద దాని జోరు తక్కువ.

ఇంత తేడా ఉందని తెలిశాక నేనే ఒకరోజు మా వీధి మేడలోకి వెళ్ళి, "ఏ లేజరమ్మా మీది?" అని అడిగాను. కౌంటరు దగ్గరి అమ్మాయి ఎంతో మర్యాదగా, "అమెరికన్ మిషన్ మేడమ్" అంది.

అమెరికా అంది కనుక అమెరికా సంగతే చెబుతాను. అక్కడ వైద్యపరికరాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్.డి.ఏ. లేజరుకి వాళ్ళిచ్చిన మాట "శాశ్వత తగ్గింపు". అంటే, కొన్ని సిట్టింగుల తరవాత తిరిగి మొలిచే వెంట్రుకల సంఖ్య చాలాకాలం తక్కువగా ఉండటం. అన్నీ పోతాయని దానర్థం కాదని వాళ్ళే విడమరిచి చెప్పారు. "శాశ్వతంగా తొలగిస్తుంది" అనే మాట సూదికి, అంటే ఎలక్ట్రాలిసిస్‌కి, వాడతారు. అక్కడ "తగ్గింపు" అని బయలుదేరిన మాట సముద్రాలు దాటి మా వీధికి వచ్చేసరికి "విముక్తి" అయింది. అనువాదం చేసినవాడెవడో గాని, మోక్షమార్గం తెలిసినవాడు.

ఇక ఆ సూది. దాని కథ ముఖంతో కాదు, కంటితో మొదలైంది. 1875లో అమెరికాలో సెయింట్ లూయీ పట్నపు కంటిడాక్టరు ఛార్లెస్ మిషెల్, రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి కనుగుడ్డుని గుచ్చుతున్నవాళ్ళకి ఏం చేయాలో తోచక, సన్నటి సూదిని వెంట్రుక మొదట్లోకి దింపి కొద్దిగా కరెంటు పంపాడు. ఆ వెంట్రుక మళ్ళీ రాలేదు. మన చర్మం లోపల ఉప్పూ నీరూ ఉన్నాయి గదా, కరెంటు తగలగానే అక్కడికక్కడే కాస్టిక్ సోడా పుడుతుంది. సబ్బు తయారుచేసే కాస్టిక్ సోడాయే! అది కుదుటిని తినేస్తుంది. 1920లలో కరెంటు వేడితోనే కాల్చే పద్ధతి వచ్చింది, ఇది త్వరగా అవుతుంది. ఆ పైన రెండూ కలిపిన పద్ధతి వచ్చింది. ఏదైనా పని ఒకటే: ఒక రంధ్రంలోకి ఒక సూది, ఒక వెంట్రుక. వెంట్రుక నల్లదా, తెల్లదా, రాగిరంగా అని సూది అడగదు. చర్మం ఏ రంగని కూడా అడగదు.

తెల్లది అన్నాను గనక నా గడ్డం దగ్గరికి వస్తాను. నలభై ఎనిమిదో ఏట నావి తెల్లబడ్డాయి. తెల్ల వెంట్రుకలో మెలనిన్ లేదు, లేజరుకి అక్కడ పట్టుకోవడానికేమీ లేదు. చెవిటివాడి ముందు శంఖమే. ఆ కౌంటరు అమ్మాయి నా గడ్డం చూసి, "మీకూ చేసేస్తాం మేడమ్, సీనియర్ సిటిజన్లకి పది శాతం తగ్గింపు" అంది. తగ్గింపు అన్న మాట అక్కడ ఒక్కచోటే వాడారు.

సరే, సూదికి ఇంత నిజాయితీ ఉంటే మరి ఊళ్ళో కనపడదేం? నాకు తెలుసు. నేను లోన్ల సెక్షనులో ఉండగా ఇటువంటి మిషన్ల కాగితాలు నా బల్ల మీదుగా వెళ్ళాయి. మిషను ఖరీదు లక్షల్లో. నెలవాయిదా ఇంత, దుకాణం అద్దె ఇంత, కనుక రోజుకి ఇన్ని ముఖాలు రావాలి, ఒక్కో ముఖానికి ఇన్ని నిమిషాలే పట్టాలి అని లెక్క వేసి ఉండేది. పై పెదవి మీద లేజరు వేయడానికి అయిదు నిమిషాలు చాలు. అదే సూది మనిషి అయిదు నిమిషాల్లో పాతిక వెంట్రుకలు తీస్తే గొప్ప. పైగా చెయ్యి తిరిగిన మనిషి కావాలి. వెంట్రుక వాలు కనిపెట్టి, కుదురు ఎంత లోతుందో వేళ్ళతో పసిగట్టాలి. మిషనుకి వాయిదాల మీద అప్పిస్తాం. వేళ్ళకి ఏ బ్యాంకిస్తుంది? అందుకని సూది పాతకాలపుదైపోయింది. దాని పని అయిపోయి కాదు, దానికి గిట్టుబాటు లేక.

సూదిని నెత్తిన పెట్టుకుని ఊరేగమనడం లేదు నేను. దాని పాపాలు దానికున్నాయి. నొప్పి ఉంది, గట్టిగానే ఉంది. రాని చేతుల్లో పడితే గుంటలు పడతాయి, నల్లమచ్చలు మిగులుతాయి. సూది ఎవరికి వారికి కొత్తది విప్పి వాడాలి. ఇవాళ కనపడే వెంట్రుకలు కొన్నే, కొన్ని లోపల నిద్రపోతుంటాయి, అవి లేచినప్పుడల్లా మళ్ళీ వెళ్ళాలి. ఏడాది, ఒకటిన్నర ఏడాది పట్టవచ్చు. కాళ్ళకీ చేతులకీ సూదితో కూర్చుంటే మనవలు పుడతారు, అక్కడ లేజరే నయం. ముఖాన కూడా దట్టంగా, నల్లగా ఉన్నవాళ్ళకి తెలిసిన చర్మవైద్యుడి చేత, తగిన లేజరుతో ముందు పలచన చేయించుకుని, మిగిలినవాటికి సూదికి వెళ్ళడం తెలివైన పని. పలచగా అక్కడక్కడ ఉన్నవాళ్ళకీ, తెల్లబడినవాళ్ళకీ, దవడ దగ్గర సన్నగా ఉన్నవాళ్ళకీ సూదే. ఇదీ అక్కడ ఎవరూ మా అక్కకి చెప్పని మాట. బోర్డు మీద ఇది పట్టదనుకోండి.

"నొప్పి లేదు" అన్నమాట మరీ భయం నాకు. 1920లలో అమెరికాలో ఆల్బర్ట్ గైజర్ అనే డాక్టరు ట్రైకో అనే పద్ధతి పెట్టాడు. అందాల దుకాణాల్లో ఆడవాళ్ళు పెట్టె ముందు గడ్డం ఆనించి కూర్చునేవాళ్ళు. చురుక్కు మనేది కాదు, వెంట్రుకలు రాలిపోయేవి. ఆ పెట్టెలో ఉన్నది ఎక్స్-రే. ఏళ్ళు గడిచాక చర్మం ముడతలు పడి, పుళ్ళు పడి, కొందరికి కాన్సరు వచ్చింది. లేజరు ఎక్స్-రే కాదు, అలాంటి భయం పెట్టడం నా ఉద్దేశం కాదు, అది అన్యాయం కూడాను. నొప్పి లేదన్న మాట విని గడ్డం ఆనించే ఆడది వందేళ్ళ క్రితమూ ఉంది, ఇప్పుడూ ఉంది అనే నా బాధ.

ఇంకో సంగతి. ఈ వెంట్రుకలు కొందరిలో వట్టి వెంట్రుకలు కావు, కబురు తెచ్చినవి. 1935లో షికాగోలో స్టైన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు నెలసరి రాని ఏడుగురు ఆడవాళ్ళ గురించి రాస్తే, వాళ్ళలో కొందరికి ముఖాన వెంట్రుకలున్నాయి. అప్పటినించీ తెలిసిన సంగతే ఇది. లోపల మందు వేయకుండా పైన ఎంత కాల్చినా, ఎంత గుచ్చినా, పక్కనున్న నూగు రేపు గడ్డమవుతూనే ఉంటుంది. సూది చంపిన కుదురు మళ్ళీ లేవదు, నిజమే. కొత్త కుదుళ్ళు లేవవని సూది కూడా హామీ ఇవ్వలేదు. ముందు వెళ్ళాల్సింది ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి.

నా మిత్రురాలొకావిడ, కాలేజీలో చెప్పి రిటైరైంది, ఇదంతా విని, "అసలెందుకీ పీకుడు? ఆడదాని ముఖం నున్నగా ఉండాలని ఎవడు చెప్పాడు? అలాగే ఉండనివ్వమను" అంది. మంచి మాటే. ఆవిడ గడ్డం మాత్రం తామరాకులా ఉంటుంది. ఉండనివ్వదలచిన పిల్ల ఉంచుకుంటే నేను దాని పక్కన నిలబడతాను. తీయించుకుంటానన్న పిల్లకి ఉపన్యాసం ఇచ్చే హక్కు మనకెవరిచ్చారు? మా బావగారైతే మరీనూ. "ముఖంలో ఏముందమ్మా, గుణం ముఖ్యం" అని కూతురికి హితవు చెప్పారు. ప్రతి ఆదివారం ఆయన మీసానికి రంగు వేసుకుంటారు.

చివరికి విచారించగా విచారించగా ఒక చర్మవైద్యురాలి దగ్గర సూది పని తెలిసిన ఆవిడ దొరికింది. పదిహేను రోజులకోసారి శనివారం పూట వెళుతోంది మా పిల్ల. లోపలికి మాత్రలు వేరే. తొమ్మిది నెలలైంది. గడ్డం మీద సగం పైగా తేటపడింది, దవడ కింద ఇంకా ఉంది. ఎర్రగా కంది, మర్నాటికి చిన్న పొక్కులు కట్టి, వారానికి మానుతుంది. ఆ సంబంధం సంగతి అడక్కండి, అది కట్నం దగ్గర పోయింది. ట్వీజరు మాత్రం హాస్టలు స్నానాలగదిలో లేదని చెప్పింది.

పోయిన నెల నేనూ తోడు వెళ్ళి, ఎలాగూ వచ్చాను గదా అని పదకొండు తెల్లవి తీయించుకున్నాను. నా పిల్ల పక్కన నిలబడి లెక్కపెట్టింది. నాలుగోదానికి అమ్మా అని అరిచాను. ఇంత నొప్పా అంటే, ఆ సూది ఆవిడ, "నొప్పేనండి, లేదని నేనెప్పుడన్నాను?" అంది.

తిరుగు బస్సులో ఉండగా మా పిల్లకి ఆ పాత మేడ నించి ఫోనొచ్చింది. ప్యాకేజీలో ఇంకా రెండు సిట్టింగులు మిగిలి ఉన్నాయట. శాశ్వత విముక్తి పథకం గడువు ఈ నెలాఖరుతో తీరిపోతుందట, త్వరపడమంటున్నారు.